కంప్యూటర్ చికిత్సలో మూగబోయే కీబోర్డు: కారణాలు, నివారణోపాయాలు

ఆధునిక విజ్ఞానం మానవునికి ప్రసాదించిన సాధనాలలో కంప్యూటర్‌కు విశిష్ట స్థానం కలదు. విద్యార్థి ప్రాజెక్టు నివేదిక మొదలుకొని కళాశాల హాజరు పట్టికల వరకు సర్వమూ నేడు దానిలోనే భద్రపరుస్తున్నాము. అట్టి యంత్రం ఒకనాడు హఠాత్తుగా విండోస్‌ను ప్రారంభించలేక నిలిచిపోతే, దానిని బాగుచేయుటకు రెస్క్యూ పెన్‌డ్రైవ్‌ను గాని, డిస్కును గాని ఆశ్రయిస్తాము. తెరపై మరమ్మతు పట్టిక ప్రత్యక్షమవుతుంది. కాని మీట నొక్కినా, మౌస్ కదిపినా ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు కొందరు కీబోర్డు చెడిపోయినదని తలచి కొత్తది కొంటారు. మరికొందరు నిరాశచెంది హార్డ్‌డిస్కునే పూర్తిగా తుడిపించివేస్తారు. సంవత్సరాల కృషి క్షణంలో నశిస్తుంది. నిజానికి అనేక సందర్భాలలో కీబోర్డులో ఏ లోపమూ ఉండదు.

కీబోర్డు పంపే సంకేతాలను యంత్రానికి తెలియజెప్పుటకు మధ్యవర్తి ఒకడు కావలెను. డ్రైవర్ అనే ప్రోగ్రామే ఆ మధ్యవర్తి. ఉర్దూ, తెలుగు రెండూ వినవచ్చే మన కళాశాలలో దుబాసి ప్రాముఖ్యాన్ని వేరుగా చెప్పనక్కరలేదు గదా! యంత్రం మొదలైనప్పుడు మదర్‌బోర్డులోనే ఇమిడియున్న బయోస్, లేదా దాని స్థానంలో వచ్చిన యు.ఇ.ఎఫ్.ఐ., ఈ దుబాసి పనిని నిర్వహిస్తుంది. తరువాత రెస్క్యూ పెన్‌డ్రైవ్‌లోని వ్యవస్థ అధికారం చేపట్టగానే మొదటి దుబాసి తప్పుకొంటాడు. కొత్తగా వచ్చినవాడికి ఆ యు.ఎస్.బి. కంట్రోలర్ భాష రాకపోతే కీబోర్డు, మౌస్ రెండూ ఒక్కసారిగా మూగబోతాయి. మొదటి పట్టికలో పనిచేసిన మీటలు తరువాతి తెరపై పనిచేయకపోవుటకు ప్రధాన కారణం ఇదే.

దీనికి చక్కని నిదర్శనం విండోస్ 7. అది 2009లో వెలువడినది. దాని డిస్కులో యు.ఎస్.బి. 3.0 డ్రైవర్లు లేవు. 2015లో ఇంటెల్ సంస్థ తన కొత్త చిప్‌సెట్లలో యు.ఎస్.బి. 2.0 కాలపు పాత కంట్రోలర్‌ను తొలగించినది. ఫలితంగా ఆ యంత్రాలలో విండోస్ 7 డిస్కు ప్రారంభమైనా, కీబోర్డును ఏ యు.ఎస్.బి. రంధ్రంలో పెట్టినా స్పందన లేకపోయెను. 2012 నాటి విండోస్ 8లో ఈ కొరత తీరినది.

పాత డిస్కులకే ఈ వ్యాధి పరిమితమని భావించరాదు. 2025 అక్టోబరు 14న విడుదలైన ఒక విండోస్ 11 అప్‌డేట్ తరువాత, విండోస్‌లో చక్కగా పనిచేసే యు.ఎస్.బి. కీబోర్డులే దాని మరమ్మతు విభాగంలో పనిచేయడం మానివేసినవి. డిస్కు తాళం తెరిచే 48 అంకెల రికవరీ కీని టైపు చేయవలసినవారికి ఇది ఎంత సంకటమో ఊహింపవచ్చును. మైక్రోసాఫ్ట్ సంస్థ అక్టోబరు 20న ప్రత్యేక అప్‌డేట్ ద్వారా దీనిని సరిదిద్దినది.

ఇట్టి సమస్య ఎదురైనప్పుడు కీబోర్డు ఏ దశలో మూగబోయినదో మొదట నిర్ణయించవలెను. యంత్రాన్ని ఆపి, మరల ప్రారంభించి, ఎఫ్2 లేదా డిలీట్ వంటి మీటతో బయోస్ తెర తెరిచి చూడండి. యే మీటయో యంత్రాన్నిబట్టి మారుతుంది.

అక్కడ కూడా స్పందన లేకపోతే, హబ్బును తీసివేసి, తీగగల సాధారణ కీబోర్డును యంత్రం వెనుకనున్న రంధ్రాలలో ఒక్కొక్కదానిలో పరీక్షించవలెను. బ్లూటూత్ కీబోర్డును ఈ పనికి నమ్ముకొనరాదు. బయోస్‌లోని ఫాస్ట్ బూట్ సౌకర్యం కొన్ని యంత్రాలలో ఆరంభ దశలో యు.ఎస్.బి. పరికరాలను గుర్తించకుండా దాటవేస్తుంది. ఏదో ఒక కీబోర్డుతో బయోస్ తెరువగలిగితే దానిని ఆపివేయవలెను.

బయోస్‌లో పనిచేసి తరువాత మూగబోతే, లోపం రెస్క్యూ పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్లదే కావచ్చును. మరొక మంచి కంప్యూటర్‌పై నూతన పెన్‌డ్రైవ్ తయారుచేసుకొనుట ఉత్తమ మార్గం. మదర్‌బోర్డుపై గుండ్రని పి.ఎస్./2 రంధ్రం ఉంటే, యంత్రం ఆపియున్నప్పుడే ఆ రకపు కీబోర్డును తగిలించి ప్రారంభించవచ్చును. ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ మాత్రమే పనిచేయకపోతే యు.ఎస్.బి. మౌస్ చాలును.

అన్నింటికన్న ముఖ్యమైనది ముందుజాగ్రత్త. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వుట వివేకం కాదు. యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే రెస్క్యూ పెన్‌డ్రైవ్ తయారుచేసి, దానితో ఒకసారి ప్రారంభించి, మీటలు పలుకుతున్నవో లేదో పరీక్షించవలెను. ముఖ్యమైన ఫైళ్ల నకలును వేరొకచోట ఉంచవలెను. కళాశాల కంప్యూటర్ గదిలో ఇట్టి పెన్‌డ్రైవ్ ఒకటి, తీగగల కీబోర్డు ఒకటి ఎల్లప్పుడు సిద్ధంగా ఉంచినచో, విద్యార్థుల శ్రమను కాపాడుటలో అది స్వల్ప వ్యయంతో లభించే గొప్ప రక్షణ కాగలదు.