ఇంటి నెట్‌వర్క్‌కు చిరునామా, పేరు: రూటర్‌లో సరిచూడవలసిన అమరికలు

ఇంట్లోని సెల్‌ఫోన్, టీవీ, ప్రింటర్, నిఘా కెమెరా అన్నీ నేడు ఒకే రూటర్‌పై ఆధారపడుతున్నాయి. ఏ పరికరానికి ఏ చిరునామా ఇవ్వాలో, ఏ పేరు ఎక్కడికి దారి తీయాలో నిర్ణయించే అమరికలు అందులోనే ఉంటాయి. వాటిని నిర్లక్ష్యం చేస్తే ప్రింటర్ పనిచేయకపోవడమే కాదు, బ్యాంకు వివరాలు మోసగాళ్లకు చిక్కే ప్రమాదమూ ఉంది.

ఐపీవీ4 విధానంలో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. అందువల్ల కొన్ని వరుసలను అంతర్గత వినియోగానికి ప్రత్యేకించారు. 192.168తో మొదలయ్యేవి అటువంటివే. ఇవి ఇల్లు దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్లవు కనుక పొరుగింట్లోనూ అవే అంకెలు ఉండవచ్చు. రూటర్ ఈ చిరునామాలను పరికరాలకు కొంత గడువుతో ఇస్తుంది. గడువు తీరాక అవి మారవచ్చు. కనుక ప్రింటర్, కెమెరాలకు స్థిరమైన చిరునామాను రూటర్‌లోనే కేటాయించడం మేలు.

పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పే వ్యవస్థే డీఎన్‌ఎస్. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. ఇంటి నెట్‌వర్క్‌కు తోచిన డొమైన్ పేరు పెట్టుకుంటే, ఆ పేరు కోసం చేసే విచారణలు పొరపాటున బయటి సర్వర్లకు చేరవచ్చు. అదే పేరు బయట మరొకరిదైతే సమాధానం వారి నుంచే వస్తుంది. ఈ చిక్కు లేకుండా ‘హోమ్.ఆర్పా’ అనే పేరును 2018లో ఇళ్ల కోసమే ప్రత్యేకించారు. రూటర్‌లో స్థానిక డొమైన్‌గా దీనిని నమోదు చేస్తే ‘ప్రింటర్.హోమ్.ఆర్పా’ వంటి పేర్లు వాడుకోవచ్చు.

అన్నిటికన్నా కీలకమైనది డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా. దానిని మార్చినవారు సరైన పేరు టైపు చేసినా నకిలీ వెబ్‌సైట్‌కు మళ్లించగలరు. ‘డీఎన్‌ఎస్ ఛేంజర్’ ముఠా చేసినది ఇదే. 100కు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడినట్లు 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వెల్లడించింది. ముఠా సర్వర్లను ఒక్కసారిగా ఆపితే బాధితులకు ఇంటర్నెట్టే అందదు. అందుకే న్యాయస్థానం అనుమతితో వాటి స్థానంలో తాత్కాలిక సర్వర్లను 2012 జులై 9 వరకు నడపవలసి వచ్చింది.

రూటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చాలి. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలి. డీఎన్‌ఎస్ గడిలోని అంకెలు ఇంటర్నెట్ సంస్థ ఇచ్చినవో, స్వయంగా ఎంచుకున్నవో అప్పుడప్పుడు సరిచూడాలి. బ్యాంకు వెబ్‌సైట్ తెరిచేటప్పుడు బ్రౌజర్ భద్రతా హెచ్చరిక చూపితే ముందుకు సాగరాదు.