తీగ లేని లంకె

1973లో పాలో ఆల్టోలోని జెరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఈథర్‌నెట్ రూపకల్పనకు పూనుకొన్ననాటి నుండి చిరకాలము, కంప్యూటరుకు లంకె యున్నదా లేదా యను ప్రశ్నకు సమాధానము రాగి తీగయందే యుండెను. 1990లో మెలిపెట్టిన జంటతీగల ఈథర్‌నెట్ ప్రమాణముగా స్థిరపడిన పిమ్మట, పంపవలసిన సమాచారమేదియు లేని వేళలయందును నెట్‌వర్క్ కార్డు సుమారు 16 మిల్లీసెకండ్లకొకమారు చిన్న విద్యుత్ స్పందమును పంపుచు, ఆవలి కొననుండి యట్టి స్పందము కొంతసేపు రాకుండినచో లంకె తెగినదని నిశ్చయించుకొనుచుండెను. సాక్ష్యము తీగది, కార్డును నడుపు ప్రోగ్రామైన డ్రైవరు కేవలము లేఖకుడు.

ఒకే యంత్రము గర్భమున పెక్కు యంత్రములు కల్పితములై వెలసిన పిదప, తీగయు స్పందమును లేని వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు పుట్టినవి. వీని లంకె యొక వార్త మాత్రమే. ఆ వార్త చెప్పవలసినది డ్రైవరే. ఇందుకై లినక్స్ కెర్నెల్ చేసికొన్న యేర్పాటు మిక్కిలి చిన్నది: పరికరపు స్థితిని దాచుకొను చోట ఒక్క బిట్టు, దానిని మార్చుటకు నెటిఫ్_కేరియర్_ఆన్, నెటిఫ్_కేరియర్_ఆఫ్ అను రెండు ఫంక్షన్లు. అయితే ఆ బిట్టు 1 ఐనచో లంకె లేదని యర్థము. కొత్తగా పుట్టిన పరికరమున నది సున్నయై యుండును గనుక, నోరు మెదపని డ్రైవరు సైతము లంకె యున్నదని చెప్పినట్లే యగును.

2008 జనవరిలో వెలువడిన 2.6.24 కెర్నెల్‌తో వచ్చిన డ్రైవర్లలో రెండు ఇచట చెప్పదగినవి. వీఈత్ ఎప్పుడును జంటగానే పుట్టును; ఒకదానిని తెరచునపుడు దాని జోడును తెరువబడియున్నచో రెంటికిని లంకె కలిగినదని ప్రకటించి, ఏ యొక్కటి మూయబడినను రెంటికిని తెగినదని ప్రకటించును. వర్టియో నెట్ పద్ధతి వేరు: నిర్వాహకుడు కల్పిత యంత్రములను నడుపు క్యూఇఎంయు నందు సెట్_లింక్ ఆజ్ఞతో లంకె తెంచినంతనే, పరికరపు కాన్ఫిగరేషన్‌లోని స్థితి మారి, ఇంటరప్ట్ అతిథి యంత్రపు, అనగా ఆ కల్పిత యంత్రపు, కెర్నెల్‌ను చేరును, అంతట డ్రైవరు ఆ స్థితిని మరల చదివి, పూర్వపు దానితో పోల్చి, భేదమున్నప్పుడే బిట్టును మార్చి, ప్యాకెట్లను పంపు వరుసలను ఆపును, లేదా మేల్కొలుపును. లంకె క్షణక్షణము తెగుచు కలియుచున్నచో ఆ గోల యంతయు పై ప్రోగ్రాములపై పడకుండ, లింక్‌వాచ్ అను భాగము అత్యవసరము కాని వార్తలను సెకనుకొక్కసారికి మించి విడువదు.

రెండు ఇంటర్‌ఫేస్‌లను జతపరచి నడుపు బాండింగ్, ఒకటి చెడినప్పుడు రెండవదానికి మారుటకు సాధారణముగా ఈ బిట్టునే నమ్మును. డ్రైవరు అబద్ధమాడెనా, ప్యాకెట్లు తెగిన దారినే పోవుచుండును.

నిజమేదో తేల్చుట యొక్కొక్కచో సులభము కాదు. ఒకే భౌతిక కార్డును పలు వర్చువల్ ఫంక్షన్లుగా విభజించినపుడు, బయటి తీగ తెగినను, ఆ కార్డును పంచుకొను అతిథి యంత్రములు తమలో తాము మాటాడుకొనగలవు. వానికి లంకె లేదనుట అసత్యము, బయటి లోకమునకు దారి యున్నదనుటయు నసత్యమే. కావుననే 2013లో లినక్స్ నందు తీగ ననుసరించుట, ఎల్లప్పుడు ఉన్నదనుట, ఎల్లప్పుడు లేదనుట యను మూడు మార్గములు కల్పించి, ఎంపికను నిర్వాహకునికే విడిచిరి. నాకిది న్యాయముగనే తోచును.

ఇట్లు తేలని స్థితికిని పేరు కలదు: 2000లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 2863 అను ఇంటర్నెట్ ప్రమాణపత్రము ఇంటర్‌ఫేస్‌కు ఏడు స్థితులను నిర్దేశించెను. అందొకటి 'తెలియదు' అనునది. లినక్స్ యంత్రము గల పాఠకులు లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ ఫైళ్లను తెరచి చూతురుగాక: కేరియర్ ఫైలున 1 అనియు, ఆపర్‌స్టేట్ ఫైలున 'తెలియదు' అనియు కనిపించును.