కీళ్ళవాతం – 'ఆర్.ఎ. ఫ్యాక్టరు' కాగితం చెప్పేదేమిటి?

మన సంఘాలలో పాలు పితికే పని చాలా ఇళ్ళలో ఆడవారిదే. రెండు పూటలా వ్రేళ్ళకూ మణికట్టుకూ బలం కావలసిన పని అది. ప్రొద్దున్నే పిడికిలి బిగియక, వ్రేళ్ళ మొదళ్ళు వాచి, పొదుగు పట్టుకోలేని స్థితి వస్తే ఆ ఇంట్లో పశువుల సంఖ్య తగ్గించుకోవలసి వస్తుంది. అలాంటివారు పట్నం వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంటే 'ఆర్.ఎ. ఫ్యాక్టర్ పాజిటివ్' అనో, 'నెగెటివ్' అనో ఒక కాగితం చేతికి వస్తుంది. పాజిటివ్ అని ఉంటే ఇక మంచాన పడ్డట్టేనని కొందరు బెంగ పెట్టుకుంటారు. నెగెటివ్ అని ఉంటే ఏమీ లేదనుకొని నొప్పి బిళ్ళలతో ఏళ్ళు నెట్టుకొస్తారు మరికొందరు. రెండూ సరికాదు. పశువుల వల్ల ఇది వచ్చిందా అని అడిగేవారూ ఉన్నారు. కనుక ఆ కాగితం వెనుక ఉన్న సంగతిని కొంచెం విపులంగా తెలియజేస్తున్నాము.

ముందుగా ప్రతిరక్షకాలంటే ఏమిటో చూద్దాం. ఇది పాడి రైతుకు కొత్త విషయం కాదు. దూడ పుట్టగానే జున్నుపాలు త్రాగించాలని ఈ పత్రికలో ఎన్నోసార్లు చెప్పుకొన్నాము. తల్లి కడుపులో ఉండగా దూడకు తల్లి నుండి ప్రతిరక్షకాలు అందవు. పుట్టిన మొదటి గంటల్లో త్రాగిన జున్నుపాల ద్వారానే అవి దాని రక్తంలోకి చేరతాయి. ఒక రోజు గడిస్తే దూడ పేగు వాటిని లోనికి రానివ్వదు. గాలికుంటుకు టీకా వేయించినప్పుడు పశువు ఒంట్లో తయారయ్యేవి కూడా ఇవే. శత్రువు ఎవరో గుర్తుపట్టి, దానికి అంటుకొని, 'దీన్ని చంపండి' అని మిగతా రక్షక కణాలకు చూపించే కాపలాదారులన్నమాట.

ప్రతిరక్షకం ఆకారం పంగలకర్రను పోలి ఉంటుంది. పైనున్న రెండు కొమ్మల కొసలు శత్రువును పట్టుకుంటాయి. క్రిందనున్న కాడ రక్షక కణాల చేతికి అందుతుంది. ఈ కాడ సంగతి గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని ఉంది.

ప్రతిరక్షకాలు కంటికి కనబడవు గాని, అవి చేసే పనిని కంటితో చూడవచ్చు. ఈసుకుపోయే రోగం, అంటే బ్రూసెల్లోసిస్, మందలో ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఆవుపాలకు చేసే రింగ్ టెస్టు అలాంటిదే. రంగు పట్టించిన చచ్చిన బ్రూసెల్లా క్రిములను పరీక్షనాళికలోని పాలలో కలుపుతారు. పాలలో ఆ క్రిమికి వ్యతిరేకమైన ప్రతిరక్షకాలుంటే అవి క్రిములను గుంపు కట్టి, వెన్న కణాలతోపాటు పైకి లేస్తాయి. మీగడ దగ్గర రంగు ఉంగరం ఏర్పడుతుంది. ప్రతిరక్షకాలు లేకపోతే మీగడ తెల్లగా తేలి, రంగు క్రింది పాలలోనే ఉండిపోతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కాపలాదారు ఇంటివారినే దొంగలనుకొని పట్టుకుంటే ఏమవుతుంది? అలా సొంత శరీరభాగాల మీదనే తయారయ్యే ప్రతిరక్షకాలను స్వయం ప్రతిరక్షకాలు అంటారు. మనవాళ్ళు కీళ్ళవాతమని చెప్పుకొనే జబ్బులలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనేది ఈ కోవకు చెందింది. వయసు మీరి మోకాలు అరగడం వేరు, ఇది వేరు. ఇది ముప్ఫై, నలభై ఏళ్ళవారికీ వస్తుంది. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ ప్రాంతపు గ్రామాలలో జరిపి 1993లో ప్రకటించిన సర్వేలో పెద్దవారిలో నూటికి 0.75 మందికి ఈ జబ్బు ఉన్నట్లు తేలింది. అంటే వెయ్యి మంది పెద్దవాళ్ళున్న ఊళ్ళో ఏడెనిమిది మంది.

ఈ జబ్బులో స్వయం ప్రతిరక్షకం ఉన్నదని మొదట బయటపెట్టినవి గొర్రె రక్తకణాలు. నార్వే దేశపు వైద్యుడు ఎరిక్ వాలర్ గొర్రె ఎర్ర రక్తకణాలకు కుందేలు ప్రతిరక్షకాలను పట్టించి, వాటిలో ఒక కీళ్ళవాత రోగి రక్తరసాన్ని కలిపాడు. అవి చితికిపోతాయనుకుంటే, విరిగిన పాలలాగా గుంపులు గుంపులుగా పేరుకున్నాయి. ఎందుకిలా జరిగిందని ఆయన పట్టుదలగా పరిశోధించి 1940లో ప్రకటించాడు. యుద్ధకాలం కావడం వల్లనో ఏమో, ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1948లో న్యూయార్కులో హ్యారీ రోజ్, ఆయన సహచరులు అదే సంగతిని మళ్ళీ కనుగొన్నారు. అందుకే ఆ పరీక్షకు వాలర్–రోజ్ పరీక్ష అని పేరు వచ్చింది. రోగి రక్తంలో ఉండి కణాలను గుంపు కట్టించిన ఆ పదార్థమే రుమటాయిడ్ ఫ్యాక్టర్. మన కాగితం మీది 'ఆర్.ఎ. ఫ్యాక్టర్' అదే.

అది దేనిని పట్టుకుంటున్నది? పైన చెప్పిన పంగలకర్ర కాడను. అంటే ఇది ప్రతిరక్షకం మీద తయారైన ప్రతిరక్షకం. ఎక్కువగా ఇది ఐదు పంగలకర్రలు ఒకచోట కట్టినట్లుండే పెద్ద రకం కాబట్టి, ఒకేసారి చాలా కాడలను పట్టి ముద్దలు చేయగలదు. ఆ ముద్దలు కీలు లోపలి పొరలో చేరితే రక్షక కణాలు అక్కడికి దండెత్తి వస్తాయి. పొర వాచి, దళసరెక్కి, మృదులాస్థినీ ఎముకనూ తినివేస్తుంది.

1956 నుండి గొర్రె కణాలకు బదులు లేటెక్స్ గుళికలు వాడడం మొదలైంది. ఇప్పుడైతే యంత్రాలే అంకె చెబుతున్నాయి. కాని పరీక్ష సులువైనకొద్దీ దాన్ని చదవడంలో తొందరపాటు పెరిగిందని మా అభిప్రాయం. లెక్క చూడండి. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా నూటికి ఐదుగురి వరకు ఈ ఫ్యాక్టరు కనబడుతుంది. ముసలితనంలో ఇంకా ఎక్కువ. క్షయ, కుష్ఠు, కామెర్లలో ఒక రకమైన హెపటైటిస్-సి వంటి దీర్ఘకాలపు జబ్బులలోనూ కనబడుతుంది. వెయ్యి మంది పెద్దలున్న ఊరంతటికీ ఈ పరీక్ష చేశామనుకోండి. నిజంగా జబ్బున్న ఏడెనిమిది మందిలో ఐదుగురికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేనివారిలో యాభై మందికి వస్తుంది! యాభై ఐదు కాగితాలలో యాభై ఉత్తవే.

మన కేంద్రంలో లాక్టోమీటరు రీడింగు తక్కువ వచ్చినంత మాత్రాన నీళ్ళు కలిపారని ఎవరినీ నిందించము గదా. వెన్న ఎక్కువ ఉన్నా రీడింగు తగ్గుతుంది. అందుకే వెన్న శాతంతో కలిపి లెక్క కడతాము. ఆర్.ఎ. ఫ్యాక్టరూ అంతే. చేతివ్రేళ్ళ మొదళ్ళు, మణికట్లు రెండు వైపులా వాచి, ప్రొద్దున లేచాక అరగంట, గంట దాకా వ్రేళ్ళు కదలక, ఇది ఆరు వారాలకు పైగా సాగుతుంటే అప్పుడు పాజిటివ్ అన్న మాటకు బలం వస్తుంది. అంకె కూడా ముఖ్యమే. ప్రయోగశాల చూపించిన హద్దును కాస్త దాటడం వేరు, దానికి మూడు రెట్లు దాటడం వేరు.

దీనికంటే గట్టి సాక్ష్యం చెప్పే రెండవ పరీక్ష 'యాంటీ సి.సి.పి.'. దీని కథలో పుచ్చకాయ ఉన్నది. మన మాంసకృత్తులలో ఆర్జినిన్ అనే భాగం ఉంటుంది. కణాలు ఒత్తిడికి లోనైనప్పుడు ఒక ఎంజైము దానిని సిట్రులిన్‌గా మార్చివేస్తుంది. 1914లో జపాను శాస్త్రజ్ఞులు పుచ్చకాయ రసం నుండి వేరుచేసిన పదార్థం కనుక, పుచ్చకాయ శాస్త్రీయనామం సిట్రులస్ నుండే దానికా పేరు వచ్చింది. (పుచ్చకాయ తింటే కీళ్ళవాతం వస్తుందని దయచేసి ఎవరూ ప్రచారం చేయవద్దు. దానికీ దీనికీ పేరు సంబంధం తప్ప మరొకటి లేదు.) ఈ మార్పు చిన్నదే. కాని మన గేదెకే ఇన్సూరెన్సువారు వేసిన చెవి ట్యాగు మార్చి వేరే నంబరు తగిలిస్తే కాగితాల ప్రకారం అది పరాయి గేదె అయినట్లు, కొందరి శరీరం ఇలా మారిన సొంత మాంసకృత్తును పరాయిదిగా లెక్కవేసి ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. సిట్రులినే ఇక్కడి గుట్టు అని నెదర్లాండ్సులో వాన్ వెన్‌రోయ్ బృందం 1998లో నిరూపించింది.

అనేక పరిశోధనలను కలిపి 2007లో వేసిన లెక్క ప్రకారం, ఆర్.ఎ. ఫ్యాక్టరూ, యాంటీ సి.సి.పి. రెండూ జబ్బున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందిని పట్టుకుంటాయి. కాని జబ్బు లేనివారిని లేరని సరిగా చెప్పడంలో మొదటిది నూటికి 85 అయితే, రెండవది 95. ఏ ఒక్క పరీక్ష చేసినా దాదాపు మూడింట ఒక వంతు రోగులకు నెగెటివ్ వస్తుందనీ, కొందరికి రెండు పరీక్షలూ నెగెటివ్ రావచ్చుననీ గుర్తుంచుకోవాలి. కీళ్ళు వాచి ఉండగా 'నెగెటివ్' అన్న కాగితం చూసి ఊరుకోకూడదనేది ఇందుకే.

ఆశ్చర్యకరమైన విషయం ఇంకొకటి. నెదర్లాండ్సులో రక్తదానం చేసినవారి పాత నమూనాలను దాచి ఉంచారు. వారిలో తర్వాత కీళ్ళవాతం వచ్చిన 79 మంది నమూనాలను తీసి చూస్తే, సుమారు సగం మందికి జబ్బు లక్షణాలు రాకముందే, మధ్యస్థంగా నాలుగున్నర సంవత్సరాల ముందే, ఈ ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నాయి. ఇది 2004లో ప్రకటించారు. కీలు నొప్పి లేనప్పుడే కథ మొదలయిందన్నమాట. ఎక్కడ మొదలయింది? చాలామందిలో ఊపిరితిత్తులలోనని శాస్త్రజ్ఞుల అనుమానం. పొగ తగిలిన ఊపిరితిత్తులలో ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చే పని జోరుగా సాగుతుంది. స్వీడనులో 2006లో వెలువడిన పరిశోధనలో, ఒక రకమైన జన్యువు తల్లిదండ్రులిద్దరి నుండీ వచ్చి, పొగ కూడా త్రాగేవారికి, ఆ రెండూ లేనివారికంటే ఈ ప్రతిరక్షకాలతో కూడిన కీళ్ళవాతం 21 రెట్లు ఎక్కువని తేలింది. అది సిగరెట్ల లెక్క. శ్రీకాకుళం, విశాఖ తీరాలలో అడ్డపొగ త్రాగే ఆడవారికి నోటి అంగిటి జబ్బుల భయం ముందునుంచే ఉన్నది. చుట్ట మానడానికి ఇది మరొక కారణం. చిగుళ్ళ జబ్బు కలిగించే ఒక క్రిమికి కూడా సిట్రులిన్ తయారుచేసే ఎంజైము సొంతంగా ఉన్నది. నోటి శుభ్రతను తేలికగా తీసుకోరాదు.

అయితే ప్రతిరక్షకాలున్న ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. అవే మొత్తం దోషులా, తోడు దొంగలా అన్న వాదం సాగుతూనే ఉన్నది. ప్రతిరక్షకాలను తయారుచేసే తెల్లకణాల వంశాన్ని తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందును 2006లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతించారు. రక్తంలో ఈ ప్రతిరక్షకాలు ఉన్నవారిలోనే అది బాగా పనిచేయడం చూస్తే, నేరంలో వీటి చేయి గట్టిదేనని మాకు తోస్తున్నది.

ఇక పశువుల సంగతి. రుమటాయిడ్ కీళ్ళవాతం పశువు నుండి గాని, పాల నుండి గాని, పక్కవారి నుండి గాని అంటదు. కాని పాడివారికి కీళ్ళనొప్పులు తెచ్చే జబ్బు వేరే ఉన్నది, అది పైన చెప్పిన బ్రూసెల్లోసిస్. ఈసుకుపోయిన పశువు మాయను వట్టిచేతులతో తీసినా, పచ్చిపాలు త్రాగినా అది మనిషికి వస్తుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము, తుంటి, మోకాలు వంటి పెద్ద కీళ్ళలో నొప్పి దాని తీరు. దానికి యాంటీబయాటిక్ మందులతో కొన్ని వారాల చికిత్స ఉన్నది. కీళ్ళవాతమనుకొని రక్షణశక్తిని అణచే మందులు వేస్తే అది ముదురుతుంది. అందుచేత డాక్టరుగారి వద్ద 'మేము పశువులు పెంచుతాము, ఫలానా నెలలో మా పశువు ఈసుకుపోయింది' అని అడగకపోయినా చెప్పండి. చికున్‌గున్యా జ్వరం వచ్చి తగ్గినా నెలల తరబడి నొప్పులుంటాయి. 2006లో మన జిల్లాలలో అది ఎంతమందిని పడవేసిందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

రుమటాయిడ్ అని తేలితే ఆలస్యం చేయరాదు. ఎముక తినిపోవడం మొదటి నెలలలోనే ఆరంభమవుతుంది, తినిపోయింది తిరిగి రాదు. పేరు లేని పొట్లాలలో ఇచ్చే మందులలో స్టిరాయిడ్లు కలిసి ఉండవచ్చు. వాటితో వారంలో లేచి తిరుగుతారు, లోపల కీలు పాడవుతూనే ఉంటుంది, ఎముక గుల్లబారుతుంది, షుగరు పెరుగుతుంది. సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చదువురాని పెద్దవాళ్ళుంటే ఆ వారం పేరు ఇంట్లోవారు డబ్బా మీద పెద్ద అక్షరాలతో వ్రాసి, మిగతా బిళ్ళలను వేరే ఉంచండి. గర్భిణులూ, బిడ్డ కావాలనుకొనేవారూ ఇది వాడరాదు. సారా అలవాటున్నవారు దాచకుండా డాక్టరుకు చెప్పాలి. కాలేయం, రక్తకణాల పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుల్లో తప్పక చేయించుకోవాలి.

ఒకసారి పాజిటివ్ వచ్చాక జబ్బు తగ్గిందా అని ప్రతి నెలా ఆర్.ఎ. ఫ్యాక్టరు, యాంటీ సి.సి.పి. పరీక్షలు చేయించి డబ్బు ఖర్చు పెట్టేవారున్నారు. కీళ్ళు నయమైనా ఆ ప్రతిరక్షకాలు రక్తంలో అలాగే ఉండవచ్చు. జబ్బు వేడి ఎంత ఉన్నదో చెప్పేవి ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే చవక పరీక్షలు, వాచిన కీళ్ళ లెక్క. మొదటి కాగితాన్ని మాత్రం పారవేయకుండా పాస్‌బుక్కుతోపాటు దాచి, డాక్టరు మారినప్పుడల్లా చూపించండి.