ఒక్క రాత్రి కిరీటం

బ్రేకులు లేని మోటారు సైకిళ్ళపై ఒక్క నిమిషంలో ముగిసిపోయే పందెం స్పీడ్‌వే. అందులో ప్రపంచ విజేత ఎవరో తేల్చవలసింది ఒక్క రాత్రా? ఒక సంవత్సరమా?

1936 సెప్టెంబరు 10వ తేదీ. లండన్ నగరంలోని వెంబ్లీ స్టేడియం డెబ్బై వేలకు పైగా ప్రేక్షకులతో క్రిక్కిరిసి ఉన్నది. స్పీడ్‌వే క్రీడకు మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్ ఎవరో ఆ రాత్రి తేలిపోవాలి. ఆస్ట్రేలియాకు చెందిన బ్లూయీ విల్కిన్సన్ ఐదు పందాలలో పాల్గొన్నాడు. ఐదింటిలోనూ అతడే ప్రథముడు. ఆ మైదానంలో అతనిని ఓడించినవాడు ఒక్కడూ లేడు. అయినా కిరీటం అతనికి దక్కలేదు. చివరకు అతనికి లభించినది మూడవ స్థానం.

దానికి కారణం అప్పటి నిబంధనలు. అంతకుముందు జరిగిన అర్హత పోటీలలో చూపిన ప్రతిభకు బోనస్ పాయింట్లు ఇచ్చి, వాటిని ఫైనల్ పాయింట్లతో కలిపి లెక్కించారు. విల్కిన్సన్ ఫైనల్‌లో గరిష్ఠంగా 15 సాధించినా, అతని బోనస్ 10 మాత్రమే. మొత్తం 25. అతని దేశస్థుడే అయిన లయొనెల్ వాన్ ప్రాగ్‌కు 12 బోనస్‌తో కలిపి 26. ఇంగ్లండుకు చెందిన ఎరిక్ లాంగ్టన్‌కు 13 బోనస్‌తో కలిపి 26. వీరిద్దరి మధ్య తేల్చివేత పందెం జరిగింది. లాంగ్టన్ ముందంజలో ఉండగా, చివరి మలుపులో దొరికిన సందులోనుండి వాన్ ప్రాగ్ దూసుకువచ్చి విజేత అయ్యాడు. ఆ రాత్రి విల్కిన్సన్ చేతిలో ఓడిపోయినవాడే ప్రపంచ ఛాంపియన్!

అలా మొదటి రోజునే ఒక ప్రశ్న ఈ క్రీడను వెంటాడసాగింది. శ్రేష్ఠుడెవరో ఎలా కొలవాలి? తొమ్మిది దశాబ్దాలుగా స్పీడ్‌వే చరిత్ర అంతా ఆ ప్రశ్నకు సమాధానం వెదకిన చరిత్రే.

నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు

చూడడానికి ఇంత సులువైన పందెం మరొకటి ఉండదు. అండాకారపు మట్టి బాటపై నలుగురు రైడర్లు నాలుగు చుట్లు తిరగాలి. గడియారపు ముళ్ళకు వ్యతిరేక దిశలో సాగే ఈ పరుగులో మలుపులన్నీ ఎడమవైపుకే. మొదటివాడికి 3 పాయింట్లు, రెండవవాడికి 2, మూడవవాడికి 1, చివరివాడికి సున్న. పందెం మొత్తం సుమారు ఒక నిమిషంలో ముగుస్తుంది.

కాని ఆ నిమిషం సామాన్యమైనది కాదు. 500 సి.సి. ఇంజను మిథనాల్‌తో నడుస్తుంది. ఒకే గేరు. బ్రేకులు అసలే లేవు. మలుపు దగ్గర రైడరు వేగాన్ని తగ్గించడు. వెనుక చక్రాన్ని మట్టిపై ప్రక్కకు జారనిస్తాడు. బండి ఎడమకు తిరుగుతూ ఉంటే ముందు చక్రం కుడివైపు చూస్తూ ఉంటుంది. ఎడమ బూటుకు తొడిగిన ఉక్కు తొడుగు నేలపై రాసుకుంటూ పోతుంది. యాక్సిలరేటరును ఎంత త్రిప్పాలో తెలిసిన మణికట్టే అతనికి బ్రేకూ, చుక్కానీ కూడా. వెనుకనున్నవారి ముఖాలపై మట్టి వర్షంలా కురుస్తుంది. అందుకే అడ్డుగా కట్టిన నాడాలు పైకి లేచిన క్షణంలో ముందుగా కదిలి, మొదటి మలుపును ఆక్రమించినవాడికి సగం గెలుపు దక్కినట్లే.

1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మైట్‌లాండ్ పట్టణంలో, వ్యవసాయ ప్రదర్శనలు జరిగే మైదానంలో జానీ హాస్కిన్స్ నిర్వహించిన పోటీలతో ఈ క్రీడ ప్రాచుర్యంలోకి వచ్చింది. 1928లో ఇంగ్లండుకు చేరి, అక్కడినుండి స్వీడన్, డెన్మార్క్, పోలండ్ దేశాలకు వ్యాపించింది.

మూడైదులు పదిహేను

రెండవ ప్రపంచయుద్ధం కారణంగా ఆగిపోయిన ప్రపంచ పోటీలు 1949లో తిరిగి ప్రారంభమైనప్పుడు బోనస్ పాయింట్ల పద్ధతికి స్వస్తి చెప్పారు. ఫైనల్ రాత్రి సాధించినదే లెక్క. అందులోని గణితం ముచ్చటైనది. 16 మంది రైడర్లు, 20 పందాలు. ప్రతి రైడరూ ఐదుసార్లు బరిలోకి దిగుతాడు. దిగిన ప్రతిసారీ ముగ్గురు కొత్త ప్రత్యర్థులు. మూడైదులు పదిహేను. అంటే రాత్రి ముగిసేసరికి ప్రతివాడూ మిగిలిన పదిహేనుమందినీ ఒక్కొక్కసారి, సరిగా ఒక్కసారి మాత్రమే, ఎదుర్కొని ఉంటాడు. ఎవరికీ తేలికైన దారి లేదు; ఎవరినీ తప్పించుకునే వీలూ లేదు.

ఈ పద్ధతి అదృష్టానికి పెద్దపీట వేస్తుందని విమర్శకులు అన్నారు. ఒక గొలుసు తెగినా, ఒకసారి జారిపడినా సంవత్సరమంతా పడిన శ్రమ వ్యర్థమే కదా! అయితే ఆ కాలపు మహారథుల చరిత్ర మరొక విధంగా సాక్ష్యమిస్తున్నది. స్వీడన్‌కు చెందిన ఓవె ఫుండిన్ 1956 నుండి 1965 వరకు, పదేళ్ళపాటు, ఒక్క ఏడాది కూడా తప్పకుండా మొదటి మూడు స్థానాలలో నిలిచాడు. మొత్తం ఐదుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ అనే ఒక్క నగరంలో పెరిగిన ముగ్గురు, రానీ మూర్ రెండుసార్లు, బారీ బ్రిగ్స్ నాలుగుసార్లు, ఐవన్ మాగర్ ఆరుసార్లు, మొత్తం పన్నెండు కిరీటాలను తమ ఊరికి తీసుకువెళ్ళారు. అదృష్టం ఇన్నిసార్లు ఒకే ఇంటి తలుపు తట్టదు.

వీరిలో మాగర్ కథ ప్రత్యేకమైనది. పదిహేడేళ్ళ వయసులో, 1957లో, అతడు ఇంగ్లండు చేరుకున్నాడు. కాని రాణించలేక ఇంటిముఖం పట్టాడు. 1963లో తిరిగి వచ్చినప్పుడు అతడు వేరొక మనిషి. యంత్రాన్ని సిద్ధం చేయడంలో, నాడా లేచే క్షణాన్ని పసిగట్టడంలో అతనిని మించినవాడు లేడు. 1968, 1969, 1970లలో వరుసగా మూడుసార్లు గెలిచాడు. ఇద్దరు అమెరికన్ అభిమానులు అతని మోటారు సైకిలుకు బంగారు పూత పూయించారు. తన ఆరవ కిరీటాన్ని 1979లో గెలుచుకున్నప్పుడు అతని వయసు 39.

ఖోజుఫ్‌లో ఒక సాయంకాలం

ఒక్క రాత్రి పద్ధతిని సమర్థించేవారూ, వ్యతిరేకించేవారూ కూడా ఉదహరించే సంఘటన ఒకటున్నది. అది 1973 సెప్టెంబరు 2న పోలండ్‌లోని ఖోజుఫ్ నగరంలో జరిగింది. లక్షకు పైగా జనం చూస్తుండగా, మాగర్‌తో సమానంగా 13 పాయింట్లు సాధించినవాడు యెజీ ష్చాకియెల్ అనే 24 ఏళ్ళ పోలండ్ యువకుడు. రెండేళ్ళ క్రితం, 1971 ఫైనల్‌లో అతడు సాధించినది సున్న! ఐదు పందాలలో ఒక్క పాయింటు కూడా రాలేదు.

ఇప్పుడు అతని ప్రక్కన నిలబడినవాడు అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ విజేత. తేల్చివేత పందెంలో నాడా లేచింది. ష్చాకియెల్ ముందుకు దూకాడు. అతనిని దాటబోయిన మాగర్ అతని వెనుక చక్రాన్ని తాకి క్రిందపడ్డాడు. ష్చాకియెల్ ఒంటరిగా మిగిలిన చుట్లు పూర్తిచేశాడు. పోలండ్‌కు తొలి ప్రపంచ విజేత లభించాడు.

అది కేవలం అదృష్టమని కొందరు పెదవి విరిచారు. ఆ తరువాత ష్చాకియెల్ మళ్ళీ అంత ఎత్తుకు ఎదగలేదన్నది కూడా నిజమే. కాని ఆ సాయంకాలం అతనికి ఎవరూ పాయింట్లు దానం చేయలేదు. అందరూ ఎదుర్కొన్న పదిహేనుమందినే అతడూ ఎదుర్కొన్నాడు. స్పీడ్‌వేను ప్రాణప్రదంగా భావించే పోలండ్‌కు రెండవ ప్రపంచ విజేతగా టోమాష్ గోలోబ్ లభించడానికి 2010 వరకు, ముప్పైయేడేళ్ళు పట్టింది.

సంవత్సరపు తూకం

చివరకు 1995లో పద్ధతి మారింది. ఒక్క ఫైనల్‌కు బదులు గ్రాండ్ ప్రి పోటీల పరంపర వచ్చింది. మొదటి సంవత్సరం ఆరు పోటీలు జరిగాయి. డెన్మార్క్‌కు చెందిన హన్స్ నీల్సన్ విజేత అయ్యాడు. ఒకనాటి యంత్రలోపం ఇకపై ఎవరి తలరాతనూ మార్చదని అందరూ సంతోషించారు. అయితే పాత చిక్కు పోయిన చోట కొత్త చిక్కు మొలిచింది. 2000లో ఇంగ్లండుకు చెందిన మార్క్ లోరమ్ ఆ ఏడాది ఒక్క గ్రాండ్ ప్రి కూడా గెలవకుండానే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ప్రతిచోటా నిలకడగా పాయింట్లు సేకరించడమే అతని బలం. 2025లో ఆస్ట్రేలియాకు చెందిన బ్రేడీ కర్ట్జ్ వరుసగా ఐదు గ్రాండ్ ప్రి పోటీలు గెలిచాడు. అయినా ఒక్క పాయింటు తేడాతో కిరీటం పోలండ్‌కు చెందిన బార్తోష్ జ్మార్జ్‌లిక్‌కే దక్కింది. దానితో జ్మార్జ్‌లిక్ ఆరు కిరీటాలు సాధించి మాగర్‌కూ, స్వీడన్‌కు చెందిన టోనీ రికార్డ్‌సన్‌కూ సరిసమానుడయ్యాడు.

భారతదేశపు పాఠకులకు ఈ బాధ కొత్తది కాదు. 2023 ప్రపంచకప్ క్రికెట్‌లో మన జట్టు వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి, నవంబరు 19న అహ్మదాబాద్‌లో పదకొండవది ఓడిపోయింది. ఆ నెలన్నర ఆటను కొలిచి ఉంటే విజేత ఒకరు. ఆ ఒక్క రోజును కొలిస్తే విజేత మరొకరు.

రేపటికి హామీ లేని చోట

స్పీడ్‌వేలో ఈ వాదన కేవలం లెక్కలకు సంబంధించినది కాదు. వచ్చే ఏడు చూసుకుందామని ధైర్యంగా చెప్పుకోగలిగిన క్రీడ కాదిది. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన ఇంగ్లండు వీరుడు పీటర్ క్రేవెన్ 1963 సెప్టెంబరులో ఎడిన్‌బరోలో, తన ముందు క్రిందపడిన రైడరును తప్పించబోయి ప్రమాదానికి గురై మరణించాడు. మూడు కిరీటాలు గెలిచిన ఎరిక్ గుండర్సన్ క్రీడాజీవితం 1989లో బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగిన ప్రమాదంతో అర్ధాంతరంగా ముగిసింది.

తొలి ఫైనల్‌లో ఓటమి ఎరుగని విల్కిన్సన్‌కు రెండేళ్ళు వేచి ఉండే అవకాశం దొరికింది. 1938లో అదే వెంబ్లీలో అతడు ప్రపంచ విజేత అయ్యాడు. కాని 1940 జూలైలో సిడ్నీలో జరిగిన రోడ్డు ప్రమాదంలో, 28 ఏళ్ళకే కన్నుమూశాడు. అతనిని వెనుకకు నెట్టి విజేత అయిన వాన్ ప్రాగ్, యుద్ధకాలంలో తన విమానం సముద్రంలో కూలినప్పుడు తోటివారి ప్రాణాలు కాపాడి, జార్జి పతకాన్ని అందుకున్నాడు. అర్హత లేనివాడికి ఆ తొలి కిరీటం దక్కిందని ఎవరు అనగలరు?

ఒక్క రాత్రి మనిషి తెగువను కొలుస్తుంది. సంవత్సరం అతని నిలకడను కొలుస్తుంది. రెండూ ఒకే త్రాసులో ఇమిడేవి కావు. పాయింట్ల పట్టికలో విల్కిన్సన్ పేరు ఈనాటికీ మూడవదిగానే ఉన్నది. అయినా 1936ను గురించి చెప్పేవారు ముందుగా తలచుకొనేది, ఆ రాత్రి ఎవరికీ ఓడని ఆ మనిషినే.