పన్ను తగ్గింపు చర్చలో ప్రతిపక్షం ఎట్లు నడువవలెను?

చేనేత సోదరులకు మనవి.

పన్ను తగ్గింపు మాట వచ్చినప్పుడెల్ల అధికారపక్షం ఇంత తగ్గించితిమని చెప్పుకొనుట, ప్రతిపక్షం ఇది చాలదని కేకలు వేయుట మనము చూచుచునే యున్నాము. ఆ రెంటి మధ్య మగ్గం గుంటలో కూర్చున్నవానికి ముట్టినది ఎంత అని లెక్క చెప్పువారు అరుదు. షోలాపూరు, బెంగుళూరు, సేలం, యానాం మొదలగు చోట్ల స్థిరపడిన మనవారు వేర్వేరు ప్రభుత్వాల క్రింద వోటు వేయుదురు. ఒకచోట అధికారంలో నున్న పార్టీయే వేరొకచోట ప్రతిపక్షము. కనుక ఏ పార్టీని మెచ్చుటకు గాని, నిందించుటకు గాని ఇది వ్రాయుట లేదు. ప్రతిపక్షం ఎవరైనను, మన విషయంలో ఎట్లు వాదించిన పని జరుగునో సహకార సంఘపు లెక్కలు చూచు అనుభవంతో మాకు తోచినది చెప్పుచున్నాము.

మొదటిది, తగ్గింపు ఎవరి యింటికి చేరునో అడుగవలెను. 2025 ఫిబ్రవరి బడ్జెటులో కొత్త విధానం క్రింద 12 లక్షల రూపాయల వరకు ఆదాయపు పన్ను లేదని ప్రకటించిరి. దానివలన ఖజానాకు సుమారు లక్ష కోట్ల రాబడి తగ్గునని ఆర్థికమంత్రిణి చెప్పిరి. జీతగాండ్రకు అది మేలే, కాదనరాదు. కాని ఆదాయపు పన్ను కట్టునంతటి సంపాదన లేని నేతపనివానికి అందులో తగ్గునది ఏమున్నది? అతడు పన్ను కట్టుట లేదా అనిన, కట్టుచునే యున్నాడు. చిలపనూలు కొన్న ప్రతిసారి, రంగు కొన్న ప్రతిసారి కట్టుచున్నాడు.

రెండవది, పన్ను ఎక్కడ కూర్చున్నదో తెలిసి మాటాడవలెను. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను వచ్చినది. పత్తినూలుపై 5 శాతం, కృత్రిమ రంగులపై 18 శాతం, నేసిన బట్టపై 5 శాతం. మాటవరుసకు పన్ను గాక 2,000 రూపాయలకు అమ్ము చీర ఒకటి తీసికొందము. అందులో నూలు 800, రంగులు 100 అనుకొనిన, నూలుపై పన్ను 40, రంగులపై 18, వెరసి 58 రూపాయలు. రిజిస్టరైన సంఘం చీరపై 100 రూపాయలు పన్ను వసూలు చేసి, ముందు కట్టిన 58 మినహాయించుకొని 42 ప్రభుత్వానికి జమ చేయును.

ఇప్పుడు బట్టపై మాత్రమే పన్ను ఎత్తివేసిరనుకొనుడు. చీరపై 100 పోవును. కాని అమ్మకంపై పన్ను లేనప్పుడు కొనుగోలుపై కట్టినది మినహాయించుకొను హక్కు కూడ పోవును. ఆ 58 చీర ఖరీదులోనే కలిసిపోవును. నిజమైన తగ్గింపు 42 మాత్రమే. ఇక సంవత్సరపు అమ్మకం 40 లక్షలకు లోపు ఉండి రిజిస్టరు కాని నేతగాని సంగతి చూడుడు. అతడు చీరపై పన్ను వసూలు చేయుట లేదు. నూలుపై, రంగులపై 58 మాత్రం భరించుచున్నాడు. బట్టపై పన్ను ఎత్తివేసినందున అతనికి కలిసివచ్చునది ఒక్క పైస లేదు. కనుక చేనేతపై పన్ను వద్దను ప్రతిపక్షం నూలు, రంగుల నుండి మొదలు పెట్టవలెను. అట్లుగాక బట్ట మాటే ఎత్తుట పడుగు లేకుండ పేక కొట్టుట వంటిది.

మూడవది, ఎక్కడ వాదించవలెనో తెలియవలెను. ఈ పన్ను రేట్ల నిర్ణయం జి.ఎస్.టి. మండలి సిఫారసుపై నడచును. మండలిలో కేంద్రం వోటుకు మూడవ వంతు, రాష్ట్రాలన్నిటి వోట్లకు కలిపి మూడింట రెండు వంతుల విలువ. తీర్మానం నెగ్గుటకు నాలుగింట మూడు వంతులు కావలెను. ఢిల్లీలో ప్రతిపక్షమైనను ఒక రాష్ట్రం చేతిలో నున్న పార్టీకి అక్కడ కుర్చీ ఉన్నది. సభలో కేకకంటె ఆ కుర్చీ ముందర పెట్టిన లెక్కల కాగితం ఎక్కువ పని చేయును.

దీనికి 2021 నాటి సంగతియే సాక్ష్యం. ఆ సెప్టెంబరులో లక్నోలో మండలి చేసిన నిర్ణయం ప్రకారం 2022 జనవరి 1 నుండి బట్టలపై పన్ను 5 నుండి 12 శాతం కావలసియుండెను. ప్రతిపక్షాలు ఏలు తమిళనాడు, పశ్చిమ బెంగాల్, ఢిల్లీ, రాజస్థాన్‌తో పాటు, కేంద్రంలోని పార్టీయే ఏలు గుజరాత్ కూడ వద్దనెను. డిసెంబరు 31న మండలి పెంపును నిలిపివేసినది. అదే నాడు అమలు కావలసిన చెప్పుల పన్ను పెంపు మాత్రం ఆగలేదు. ఎదుటి పార్టీ రాష్ట్రం కూడ కలిసివచ్చునట్లు వాదించిననే గెలుపు సులభమని దీనివలన తెలియుచున్నది.

నాలుగవది, డబ్బు ఎక్కడినుండి అను ప్రశ్నకు జవాబు చేత నుంచుకొనవలెను. 1953లో ఖాదీ, చేనేతల అభివృద్ధి కొరకు మిల్లుబట్టపై గజానికి మూడు పైలు, అనగా పావు అణా, అదనపు సుంకం వేసిరి. సాయం ఎవరికి, సొమ్ము ఎవరినుండి అని ఒకే చట్టంలో చెప్పిరి. తగ్గించుడని మాత్రమే అని, లోటు సంగతి ఎత్తని ప్రతిపక్షం, తాను అధికారంలోనికి వచ్చిననాడు తన మాటనే తాను మింగవలసి వచ్చును.

ఐదవది, ప్రభుత్వం నిజముగ తగ్గించినప్పుడు ఎదిరించరాదు, వెంటబడవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి కృత్రిమ నూలుపై పన్ను 12 నుండి 5 శాతానికి తగ్గినది. ఆ నూలు వాడు మరమగ్గాల వారికి అది మేలు. దానిని మేలని ఒప్పుకొని, నూలు ధర ఆ మేరకు తగ్గినదా, పత్తి చిలపనూలు ఆ 5 లోనే ఎందుకు మిగిలినది అని అడుగుట ప్రతిపక్షపు పని.

ఈ ప్రశ్నలు వారంతట వారికి తోచవు. ప్రతి సంఘం, ప్రతి నేత కుటుంబం గత సంవత్సరం నూలుకు, రంగులకు కట్టిన పన్నును బిల్లుల నుండి తీసి ఒక కాగితంపై వ్రాసికొనవలెను. వోటుకు వచ్చినవారికి, ఏ పార్టీవారైనను, ఆ కాగితం చేతికిచ్చి, దీనిలో ఎంత తగ్గింతురో చెప్పుడని అడుగవలెనని మా మనవి.

ఇట్లు,
కార్యదర్శి, చేనేత సహకార సంఘము