గట్టు మీద దారి

ఉప్పాడ ఆడవాళ్లకు గట్టు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ సముద్రం ఒడ్డును కోసుకుపోతోంది. ఇళ్లు పోయాయి. రోడ్డు ఎన్నోసార్లు తెగింది. నీళ్లకు అడ్డు లేకపోతే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు.

ఉప్పాడకు దగ్గరి పట్నం కాకినాడ. కాకినాడకు ధవళేశ్వరం నుంచి ఒక పాత కాలువ వస్తుంది. ఆ కాలువకు గట్టు ఉంది. గట్టు మీద దారి ఉంది. ఆ దారికి ఒక కథ ఉంది.

పూర్వం గోదావరి నిండా నీళ్లుండేవి. చేలల్లో మాత్రం ఉండేవి కావు. వాన పడితే పంట, లేకపోతే పస్తు. 1833లో పెద్ద కరువు వచ్చింది. ఎంతోమంది ఆకలితో చచ్చిపోయారు. 1839లో తుపాను వచ్చింది. కోరంగి దగ్గర సముద్రం ఊరి మీద పడింది.

అప్పుడు ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు వచ్చాడు. గోదావరికి ఆనకట్ట కట్టాలని సర్కారుకు రాశాడు. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం కొండ రాయి కొట్టి తెచ్చారు. వీణెం వీరన్న అనే తెలుగాయన పనిలో కాటన్‌కు కుడిభుజంలా నిలిచాడు. నదిలో లంకలున్నాయి. అందుకని ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టారు. అన్నీ కలిపితే సుమారు మూడున్నర కిలోమీటర్లు. 1852లో పని పూర్తయింది.

ఆనకట్ట అడ్డు పడితే నది మట్టం పెరుగుతుంది. నీళ్లు కాలువల్లోకి వాటంతట అవే పారతాయి. కాలువ తవ్విన మట్టే గట్టయింది.

ఆ రోజుల్లో కాలువే రోడ్డు. ధాన్యం, మనుషులు పడవల మీదే వెళ్లేవారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే మనుషులు తాడు భుజాన వేసుకుని, గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. ఆ అడుగులతోనే దారి పడింది. పల్లం వచ్చిన చోట లాకులుండేవి. పడవ రెండు తలుపుల మధ్యకు వచ్చి ఆగేది. నీళ్లు వదిలితే మెల్లగా కిందికి దిగేది.

తర్వాత రైళ్లు, బస్సులు వచ్చాయి. పడవలు తగ్గాయి. పాత ఆనకట్ట బదులు కొత్త బారేజీ వచ్చింది. దానికి కాటన్ పేరే పెట్టారు. గట్టు మీద నడక మాత్రం ఆగలేదు. కూలికి వెళ్లే ఆడవాళ్లు, బడికి వెళ్లే పిల్లలు ఇప్పటికీ నడుస్తారు.

కొందరు ఇంటి మెరకకని గట్టు మట్టి తవ్వుకుపోతారు. కొందరు కాలువలో చెత్త పోస్తారు. తట్టెడు మట్టే కదా అనిపిస్తుంది. వరద రోజున గండి పడేది అక్కడే. చెత్త అడ్డుపడితే చివరి ఊరి చేలు ఎండిపోతాయి. ఆ ఊరి మంచినీళ్ల చెరువు కూడా నిండదు.

ఉప్పాడలో సముద్రాన్ని ఆపడం కష్టం. కాలువ గట్టును కాపాడటం మన చేతుల్లో పనే.

ఆలోచించండి:
మీ ఊరికి నీళ్లు ఏ కాలువ నుంచి వస్తాయి?
దాని గట్టు ఎలా ఉంది?