మద్రాసు తీరంలో నాలుగు దీపాలు

విశాఖపట్నం వచ్చే నావికుడికి డాల్ఫిన్స్ నోస్ కొండ దూరం నుంచే గుర్తు. మద్రాసు తీరానికి అలాంటి ఆనవాలు లేదు. అంతా బల్లపరుపు ఇసుక నేల. ఈస్టిండియా కంపెనీ కోట కట్టుకున్న తర్వాత కూడా రెండు శతాబ్దాలకు పైగా అక్కడ గోడ కట్టిన రేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. మనుషులూ సరుకూ మసూలా పడవల్లో అలలు దాటి రావాలి. ఆ పడవల పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి పీచు తాళ్ళతో కుడతారు. అందుకే కెరటం కొడితే వంగుతాయి గాని విరగవు. పగలైతే కోట కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఒడ్డు ఎక్కడుందో ఓడకు ఎవరు చెప్పాలి?

1796లో ఆ పని కొబ్బరినూనె దీపాలకు అప్పజెప్పారు. కోటలోని ఎక్స్చేంజ్ భవనం మిద్దె మీద వాటిని వెలిగించారు. ఆ భవనమే ఇప్పటి ఫోర్ట్ మ్యూజియం. 1844లో కోటకు ఉత్తరాన సుమారు 125 అడుగుల రాతి స్తంభం మీద రెండో దీపం వెలిగింది. ఇప్పుడు హైకోర్టు ఆవరణలో ఉన్న ఆ స్తంభాన్ని చూడకుండా వెళ్ళిపోయేవారే ఎక్కువ. చెన్నై వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

ఇంత ఎత్తు ఎందుకంటే, భూమి గుండ్రంగా ఉంది గనుక. దీపం ఎంత ప్రకాశంగా వెలిగినా, సముద్రపు వంపు వెనక ఉన్న ఓడకు కనిపించదు. దీపం ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు 3.9తో గుణిస్తే, సముద్రమట్టం దగ్గరున్న కంటికి ఆ దీపం ఎన్ని కిలోమీటర్ల దాకా కనిపిస్తుందో తెలుస్తుంది. ఆ 125 అడుగులకు, అంటే 38 మీటర్ల ఎత్తుకు, 24 కిలోమీటర్లు వస్తుంది. చూసేవాడు ఓడ మీద 9 మీటర్ల ఎత్తున నిలబడితే మరో 12 కిలోమీటర్లు కలుస్తాయి. వర్గమూలం లెక్క కాబట్టి దూరం రెట్టింపు కావాలంటే స్తంభం నాలుగింతలు పెరగాలి. కట్టేవాళ్ళను ఇబ్బంది పెట్టే లెక్క ఇది.

అంత దూరం పోయేలోగా వెలుగు చెదిరిపోకూడదు. మామూలు దీపం తన కాంతిలో చాలా భాగాన్ని ఆకాశానికీ నేలకూ ధారపోస్తుంది. దాన్నంతటినీ పోగుచేసి సముద్రం వైపు తిప్పాలంటే పెద్ద కటకం కావాలి. కానీ అంత పెద్ద గాజు దిమ్మ మోయలేని బరువు, పైగా తనలోంచి పోయే వెలుగును కొంత తానే మింగేస్తుంది. ఫ్రెంచి ఇంజనీరు ఆగస్టిన్ ఫ్రెనెల్ ఇక్కడే అసలు సంగతి పట్టుకున్నాడు. కాంతి వంగేది గాజు ఉపరితలం దగ్గరే. మధ్యలోని మందం ఒట్టి బరువు. అందుకని వంపులను మాత్రం ఉంచి, మందాన్ని తీసేసి, మెట్లుమెట్లుగా గాజు వలయాలు పేర్చాడు. పైకీ కిందికీ పోయే కిరణాలను పట్టకాలతో సముద్రం వైపు మళ్ళించే పద్ధతీ దీనికి తోడైంది. ఆయన కటకం 1823లో ఫ్రాన్సులోని కోర్డువాన్ దీపస్తంభంలో మొదట వెలిగింది. దీపస్తంభాల చరిత్రలో ఇంతకంటే గొప్ప ఆలోచన నాకు కనిపించదు.

దీపస్తంభం మిణుకుమంటున్నట్టు కనిపిస్తుంది గాని, తిరిగే కటకాలున్న చోట లోపలి దీపం ఆరదు. దాని చుట్టూ కటకాల చట్రం తిరుగుతుంది. ఒక్కో కటకం నుంచి వెలువడే కాంతిపుంజం ఓడ మీదుగా సాగిపోయినప్పుడు ఒక మెరుపు. టన్నుల బరువున్న చట్రాలను పాదరసపు తొట్టిలో తేలించి, గడియారంలో లాగా బరువులు కట్టి తిప్పేవారు. కిరసనాయిలును వేడిచేసి, ఆవిరిగా మార్చి, మాంటిల్‌లో మండించే పద్ధతి కూడా చాలా దీపస్తంభాల్లోకి వచ్చింది. మన పెళ్ళి ఊరేగింపుల్లో వెలిగిన పెట్రోమాక్స్‌ది అదే సూత్రం.

1894లో మద్రాసు దీపం హైకోర్టు గుమ్మటం మీదికి, సుమారు 175 అడుగుల ఎత్తుకు చేరింది. న్యాయస్థానం నెత్తిన దీపస్తంభం! అదే దీపం 1914 సెప్టెంబరు 22 రాత్రి శత్రువుకూ దారి చూపింది. జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ వచ్చేసరికి అది ఎప్పటిలాగే వెలుగుతోంది. ఆ నౌక పేల్చిన గుండ్లకు రేవు దగ్గరి చమురు ట్యాంకులు తగలబడ్డాయి.

నాలుగోది 1977 జనవరిలో మెరీనా ఒడ్డున మొదలైన ముక్కోణపు కట్టడం. దానికి లిఫ్టు కూడా ఉంది. దీపం సుమారు 57 మీటర్ల ఎత్తున ఉంటుంది. పది సెకన్లకొకసారి రెండు మెరుపులు దాని సంతకం. సమీప తీరాల దీపాలకు వేరే లయలు ఉంటాయి. నావికుడు సెకన్లు లెక్కపెట్టి, పుస్తకంలో సరిచూసుకుని, ఇది మద్రాసేనని తేల్చుకుంటాడు. పెద్ద ఓడల్లో ఇప్పుడు జీపీఎస్ ఉంది. అయినా ఆ పరికరం చెప్పింది నిజమో కాదో సరిచూసుకోవడానికి దీపం కావాలి. రాత్రి వేటకెళ్ళిన చిన్న పడవకు ఒడ్డు దిక్కు తెలియడానికి ఆ రెండు మెరుపులు చాలు.